వడి అనే మాటకు రెండర్థాలు

ఛందస్సు చదువుకున్నవారికి ఒక చిన్న విచిత్రం తెలిసే ఉంటుంది. లోకవ్యవహారంలో వడి అంటే వేగం. ఏటి వడి, గాలి వడి, వడివడిగా నడవడం. ఛందస్సు దగ్గరకు వచ్చేసరికి వడి అంటే యతి. యతి అంటే విరామం, పరుగెత్తుతున్న పద్యపాదం ఊపిరి తీసుకొనే చోటు. పరుగుకూ ఆగడానికీ ఒకటే పేరు! ముప్ఫై ఏళ్లకు పైగా ఈ ముక్క చెప్పి పిల్లలను నవ్వించాను. అందులో నాకు పనికివచ్చే సంగతి ఒకటున్నదని తెలిసింది మాత్రం అరవై ఏడో ఏట, కాలిఫోర్నియాలో ఒక కొండ మీద, సైకిళ్ల మధ్య.

"సైకిళ్ల మధ్య ఈ పంతులుకేం పని?" అని మిత్రులు నవ్వుకోవచ్చు. ఈ టపా మొదలుపెట్టి పది రోజులైంది. రాయడమా మానడమా అని నేనూ తర్జనభర్జన పడ్డాను.

నిరుడు ఏప్రిల్‌లో మా అమ్మాయి దగ్గరకు వెళ్లి ఆరునెలలు ఉన్నాను. వాళ్లుండే కూపర్టీనో ఊరి చివర ఫ్రీమాంట్ ఓల్డర్ అనే వనం ఉన్నది. వెనుకటి కాలంలో శాన్‌ఫ్రాన్సిస్కోలో పేరుమోసిన పత్రికాసంపాదకుడి పేరది. ఎండాకాలంలో బంగారు రంగుకు తిరిగే గడ్డికొండలు, లోయల్లో ఓక్ చెట్లు, వాటి నడుమ పాములా మెలికలు తిరిగే సన్నని మట్టిబాటలు. ఆ బాటల మీద నడిచేవారు నడుస్తారు, గుర్రాలెక్కేవారు గుర్రాల మీద పోతారు, లావు టైర్ల కొండ సైకిళ్ల వాళ్లు సైకిళ్ల మీద పోతారు. ముగ్గురికీ బాట ఒక్కటే. దాని వెడల్పు కొన్నిచోట్ల మన పొలంగట్టు కంటె ఎక్కువేమీ కాదు.

మొదటి వారంలోనే నాకు అక్షరాభ్యాసమైంది. చేతికర్రతో నెమ్మదిగా నడుస్తుంటే వెనుకనుండి "ఆన్ యువర్ లెఫ్ట్" అని ఒక కేక. ఎడమకు జరగమంటున్నాడు కాబోలుననుకొని బుద్ధిగా ఎడమకు జరిగాను. ఆ సైకిలువాడు కీచుమని బ్రేకులు వేసి, నా పంచె అంచుకు జానెడు దూరంలో ఆగాడు. పాపం, మంచివాడు, నాకే క్షమాపణ చెప్పి వెళ్లాడు. ఇంటికి వచ్చాక మనవడు పొట్ట పట్టుకొని నవ్వి, "తాతయ్యా, 'నీ ఎడమపక్కనుండి వస్తున్నాను, నీ దారిన నువ్వు తిన్నగా పో' అని దానర్థం" అన్నాడు. వాక్యార్థబోధకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అని మూడు కావాలని మన శాస్త్రకారులు చెప్పారు. కర్తా లేక, క్రియా లేక, గాలిలో విసిరిన ఆ మూడు మాటలకు ఆకాంక్ష ఎలా తీరుతుందిరా అంటే వాడికి అర్థం కాలేదు. ఆ ప్రశ్న మళ్లీ వస్తుందని అప్పుడు నాకూ తెలియదు.

మనవడికి పదహారేళ్లు. వాళ్ల బడిలో కొండ సైకిళ్ల జట్టున్నది. ఉత్తర కాలిఫోర్నియాలో ఉన్నత పాఠశాలల పిల్లలకు ఈ పందాల లీగు 2001 లోనే మొదలైందట. వాడు దిగుతుంటే చూడడం ఒక వేడుక. బొటనవేలితో మీట నొక్కితే సీటు కిందికి దిగిపోతుంది. మోచేతులు విప్పి, మోకాళ్లు వంచి, రాళ్లమీదనుండి నీళ్లు జారినట్లు జారిపోతాడు. వాడి ఫోనులో స్ట్రావా అని ఒక యంత్రాంగం. ఫలానా మలుపు నుండి ఫలానా చెట్టు దాకా ఎవరెంతసేపట్లో వెళ్లారో పట్టిక వేసి, అందరికంటె ముందున్నవాడికి 'కొండరాజు' అని కిరీటం పెడుతుంది. రాత్రి భోజనం దగ్గర కూడా ఆ పట్టికే చూసుకొనేవాడు.

వాడి వల్లనే ఈ ఆట పుట్టుపూర్వోత్తరాలు కొంత తెలుసుకున్నాను. శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన ఫెయిర్‌ఫాక్స్ అనే ఊరి పక్క కొండమీద 1976 అక్టోబరు 21న కొందరు కుర్రవాళ్లు పాత బరువు సైకిళ్లేసుకొని పందెం దిగారు. రెండు మైళ్లలో సుమారు 1300 అడుగుల దిగుడు. పెడలు వెనక్కి తొక్కితే పడే ఆ కాలపు బ్రేకులు కిందికి చేరేసరికి వేడెక్కి, లోపలి గ్రీజంతా పొగయ్యేదట. మళ్లీ గ్రీజు కూరితే తప్ప పనికిరావు. అందుకే ఆ దిగుడుకు రీప్యాక్ అని పేరు. మరుసటి ఏడు, 1977 లో, జో బ్రీజ్ అనే ఆయన ఈ పనికోసమే ప్రత్యేకంగా సైకిలు కట్టాడు. ఈ కథలో నాకు నచ్చినది వేరే ఉన్నది. ఆ పందెంలో అందరూ గుంపుగా దూకలేదు. ఒక్కొక్కరినే, నడుమ ఎడం ఇచ్చి, గడియారం చూసి వదిలేవారు. వేగమే పరమార్థమైన ఆ దుడుకు కుర్రవాళ్లకు కూడా, వేగంగా పోదలచినవాడికి ముందు ఖాళీ బాట కావాలన్న ఇంగితం ఉండేది.

ఇప్పుడు బాటలు ఖాళీగా లేవు. అందుకని ఆ వనాలను చూసే సంస్థ గంటకు 15 మైళ్లు దాటరాదని, ఎవరినైనా దాటేటప్పుడు 5 మైళ్లకు తగ్గాలని నియమం పెట్టింది. 15 మైళ్లంటే సెకనుకు ఇరవై రెండు అడుగులు. గుడ్డిమలుపులో ఎదురెదురుగా ఇద్దరు ఆ వేగంతో వస్తే, నలభై అడుగుల దూరం ఒకసారి కన్నార్పి తెరిచేలోగా కరిగిపోతుంది. సైకిలువాడు నడిచేవాడికీ గుర్రానికీ తొలగాలి, నడిచేవాడు గుర్రానికి తొలగాలి. గుర్రం ఎదురైతే సైకిలు దిగి, పల్లపు వైపుకు నిలబడి, నోరు తెరిచి నాలుగు మాటలు మాట్లాడాలట. హెల్మెట్టూ నల్లద్దాలూ వేసుకొన్న ఆ ఆకారం మనిషేనని గుర్రానికి గొంతు విని నమ్మకం కుదురుతుందని. ఎంత అందమైన నియమం! 1988 లో ఏర్పడిన ఇంబా అనే సైకిలువాళ్ల సంఘం కూడా ఇలాంటి నియమాలే రాసుకొన్నది. దిగేవాడు ఎక్కేవాడికి దారివ్వాలని అందులో ఒకటి. ఎక్కుతున్నవాడు మధ్యలో ఆగితే ఆ ఏటవాలులో మళ్లీ పెడలు అందుకోవడం కష్టం, దిగేవాడికి ఆ బాధ లేదు కనుక.

ఈ నియమాలన్నీ సైకిలువాడికీ పరాయివాడికీ మధ్య. ఒకే జట్టులో కలిసి వెళ్లే చేతనైనవాడికీ చేతకానివాడికీ మధ్య మర్యాద ఏమిటన్నది పలకమీద ఎక్కడా కనబడలేదు. నేను చూసిన అపాయం అక్కడే జరిగింది.

మా అల్లుడుగారూ, ఆయన ఆఫీసు మిత్రులూ, అందరూ తెలుగువాళ్లే, శనివారాల్లో ఆ కొండకు సైకిళ్లమీద వెళ్లేవారు. మొత్తం తొమ్మిదిమంది, మనవడు పదోవాడు. నేను ముందుగా బయలుదేరి, పైన నాలుగు బాటలు కలిసే చోట చెట్టు నీడన కూర్చొనేవాణ్ణి. వాళ్లు అక్కడికి రెండు మూడుసార్లు ఎక్కుతూ దిగుతూ వచ్చేవారు. వాళ్లలో తెనాలి ఆయన ఒకరు కొత్త. నలభై ఎనిమిదేళ్లుంటాయి. డాక్టరు వ్యాయామం చేయమన్నాడని చాలా డబ్బుపోసి మంచి సైకిలు కొన్నాడు. సైకిలు వచ్చినంత తేలికగా విద్య రాదు కదా.

మొదటిసారి అందరూ కూడలి చేరారు. నీళ్లు తాగారు, బాదంపప్పు తిన్నారు, స్టాకు మార్కెట్టు మాట్లాడుకొన్నారు. పది నిమిషాల తరువాత తెనాలి ఆయన వచ్చాడు. ముఖం కందగడ్డలా ఉన్నది, మాట రావడం లేదు. ఆయన కాలు నేలకు ఆన్చాడో లేదో, "ఆ, అందరం వచ్చేశాం, పదండి" అని ఎవరో అన్నారు. హెల్మెట్లు బిగించారు, వెళ్లిపోయారు. ఆయన నీళ్లసీసా మూత కూడా తీయలేదు. నా వంక చూసి, నవ్వబోయి, వాళ్ల వెనుక కదిలాడు.

వాళ్లెవరూ దుర్మార్గులు కారు. "మేము ఆయన కోసం ఆగాం" అని ప్రమాణం చేసి చెప్పగలరు, అది నిజమే. కాని ఆ ఆగడం వల్ల విశ్రాంతి దొరికినది ఎవరికి? అవసరం లేనివాళ్లకు. పది నిమిషాల ఆ విరామంలో ఆయన పాలు సున్న.

ఆ క్షణంలో నాకు మా బడి నల్లబల్ల కనబడింది.

నోట్సు చెప్పడం కంటె బల్లమీద రాయడం నాకలవాటు. బల్లనిండా రాసి, పిల్లలు ఎక్కించుకొనేదాకా ఆగేవాణ్ణి. చురుకైనవాళ్లు ముందే పూర్తిచేసి కబుర్లు చెప్పుకొనేవారు. వెనుక బెంచీలో ఒక పిల్లవాడు అక్షరం అక్షరం చూసి దించుకొనేవాడు. "అయిందిరా?" "అయింది పంతులుగారూ." ఆ మాట వినబడగానే డస్టరుతో తుడిచి తరువాతి పాఠం రాసేవాణ్ణి. నేను ఆగే పంతులునని నాకు గర్వం. ఏళ్ల తరబడి నేను గమనించనిది ఏమిటంటే, మిగిలిన నలభైమందికీ రాసినదాన్ని ఒకసారి చదువుకొనే వ్యవధి దొరికేది. వాడికి మాత్రం ఎప్పుడూ దొరికేది కాదు. వాడు రాస్తూనే ఉండేవాడు. ఒకరోజు "ఒక్క నిమిషం ఉంచండి పంతులుగారూ" అన్నాడు. "నీ ఒక్కడికోసం ఎంతసేపురా" అన్నాను. "తప్పయింది" అన్నాడు. పదో తరగతిలో తప్పి, బడి వదిలేశాడు. నా వల్లనే అంటే అతిశయోక్తి అవుతుంది. కాని ఆ 'తప్పయింది' మాత్రం నా లెక్కలో ఇంకా కొట్టివేయబడలేదు.

మిత్రులు క్షమించాలి, కొండమీదనుండి బడిలోకి దారితప్పాను.

రెండోసారి ఎక్కినప్పుడూ అదే తంతు. ఈసారి మనవడి సైకిలు గొలుసు జారి, సర్దుకొంటూ వెనుకబడ్డాడు. అందరూ లోయవైపు దిగారు. చివరగా తెనాలి ఆయన. ఆయన వెళ్లిన రెండు మూడు నిమిషాలకు వీడు. ఎంతసేపు గడిచిందో, వాడు సైకిలు తోసుకొంటూ ఎండుగడ్డి రంగు ముఖంతో పైకి వచ్చాడు. "తాతయ్యా, అంకుల్ పడిపోయారు."

కర్ర ఊతంతో దిగాను. ఆయన బాటపక్క కూర్చొని ఎడమచేతిని గుండెకు అదుముకొని ఉన్నాడు. భుజం దగ్గర ఎముక చర్మం కింద ఉబికి కనబడుతున్నది. నా కండువా తీసి చేతికి ఉయ్యాల కట్టాము. అల్లుడుగారూ మరొకరూ ఆయనను పట్టుకొని నెమ్మదిగా నడిపించారు. మెడ ఎముక విరిగిందని ఆసుపత్రిలో తేలింది. అదృష్టం, అంతకు మించి ఏమీ కాలేదు.

జరిగినది ఇది. మనవడు మలుపు తిరిగేసరికి ఆయన ముందున్నాడు. పది పన్నెండు అడుగుల దూరం నుండి వీడు "లెఫ్ట్, అంకుల్!" అన్నాడు. ఆయన ఎవరా అని ఎడమకు తల తిప్పాడు. చూపు ఎటు పోతే సైకిలు అటు పోతుందని ఈ విద్యలో మొదటి పాఠం; కొత్తవాడికి అది తెలిసినా ఒంటికి పట్టదు. బాట అంచు కనబడి ముందు బ్రేకు గట్టిగా నొక్కాడు. ముందు చక్రం జారింది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి అన్న మాట నేను అంత అక్షరాలా ఎన్నడూ చూడలేదు.

వీడు ఆయనను తాకలేదు. ఆ రాత్రి వాడు పదేపదే అన్నది అదే. "నేను తగల్లేదు తాతయ్యా. ముందే పిలిచాను కదా. రూల్ ప్రకారమే పిలిచాను."

"ఏమని పిలిచావు?"

"లెఫ్ట్ అని."

"ఆ మాటకు నాకేమర్థమైందో మొదటివారంలో చూశావు కదరా."

వాడు మాట్లాడలేదు. కాసేపటికి, "దాటడానికి 5 మైళ్లకు తగ్గాలి. నేను తగ్గలేదు" అన్నాడు. ఫోను తీసి చూపించాడు. స్ట్రావా గీతలో ఆ మలుపు దగ్గర 17 ఉన్నది. దాన్ని వాడే తెరిచి చూపించడం నాకు గొప్పగా తోచింది గాని, అప్పుడు ఆ మాట అనలేదు.

మరుసటి ఆదివారం ఇద్దరమూ పరామర్శకు వెళ్లాం. వీడు గుమ్మంలోనే "సారీ అంకుల్" అన్నాడు. ఆయన వీడి భుజం తట్టి, "అయ్యో, నీ తప్పేముంది నాన్నా, నేనే దారివ్వలేకపోయాను. మాస్టారూ, మీరైనా చెప్పండి, తప్పు నాదే. నా వల్ల అందరి శనివారం పాడైంది" అన్నాడు. నిజంగానే అన్నాడు, మర్యాదకు కాదు. నాకు కాఫీ గొంతు దిగలేదు. వెనుకబడినవాడు ఎక్కడైనా క్షమాపణ చెప్పుకొంటూనే ఉంటాడు కాబోలు.

తిరిగి వస్తూ కారులో మనవడు తనంతట తానే మొదలుపెట్టాడు. బడి జట్టులో సాధన చేసేటప్పుడు ముందొక పెద్ద, అందరికంటె వెనుక ఒక పెద్ద ఉంటారట. ఆ వెనుకవాడు ఎవరినీ దాటడు; చివరి పిల్లవాడు ఎక్కడ ఆగితే తానూ అక్కడే ఆగుతాడు. "అంకుల్స్ గ్రూపులో అలా ఎవరూ లేరు తాతయ్యా. అందరూ ఫ్రెండ్సే కదా, ఎవరు చెబుతారు?" మంచి ప్రశ్న. బడిలో పంతులుంటాడు కనుక నియమం ఉంటుంది. స్నేహితుల మధ్య ఎవరూ పంతులు కాదలచుకోరు, దానితో నియమం అనాథ అవుతుంది.

నా చిన్నతనంలో తిరునాళ్లకు బండ్లు కట్టినప్పుడు మా నాయన నీరసపు ఎడ్ల బండిని ముందు పెట్టించేవాడు. వెనుకవన్నీ దాని నడకకు తగ్గేవి. సైకిళ్లకూ అదే మందు అని వాడికి చెప్పాను. వాడు తల అడ్డంగా ఊపాడు. "ఎక్కేటప్పుడు ఓకే. దిగేటప్పుడు స్లోగా వెళ్లేవాళ్లు ముందుంటే, వెనుక చక్రాల చప్పుడు వినబడి భయంతో తమకు రాని స్పీడులో వెళతారు. వెనుక బ్రేకు బిగబట్టి జారతారు. బాట కూడా పాడవుతుంది." ఆ జారుడుకు మట్టిలో గాడి పడుతుందట, వానాకాలంలో నీళ్లు ఆ గాడినే పట్టుకొని పారి బాటను కోసేస్తాయట. వాడు చెప్పినదే సబబు. దిగేటప్పుడు చేతనైనవాళ్లు ముందు పోవాలి, ఎడంగా పోవాలి. వెనుక మిగిలే ఒక్కడు మాత్రం చేతనైనవాడే అయి ఉండాలి, వాడికి తొందర ఉండకూడదు. మా నాయన పద్ధతి తప్పని అరవై ఏళ్ల తరువాత పదహారేళ్లవాడు సవరించాడు. సంతోషంగా ఒప్పుకొన్నాను.

పరాయివాళ్లను దాటవలసి వస్తే ఏమనాలన్నదానిమీద మాత్రం చాలా దూరం చర్చించుకొన్నాం. చివరికి వాడు స్థిరపరచుకొన్నది ఇది: దూరంగా ఉన్నప్పుడే వేగం తగ్గించి గంట మోగించడం, దగ్గరైనాక "తొందరేమీ లేదు, మీకు వీలైన చోట" అనడం, దాటుతూ వెనుక ఇంకా ఎందరున్నారో చెప్పడం. కర్త, క్రియ అన్నీ ఉన్నాయి. నా వ్యాకరణానికి ఇంతకంటె సార్థకత ఎప్పుడూ దొరకలేదు.

మా అల్లుడుగారి మిత్రులలో ఒకరికి ఇదంతా చాదస్తంగా తోచింది. "మాస్టారూ, వారమంతా ఆఫీసులో అణగి ఉంటాం. ఆ ఒక్కపూటా నెమ్మదిగా పొమ్మంటే ఎలా?" అన్నారు. ఆయన బాధ అబద్ధం కాదు. వేగంలో ఉండే ఆనందాన్ని నేనెందుకు తప్పుపడతాను? మనవడు దిగుతుంటే నా ముసలి గుండె కూడా వాడితో పాటు దిగింది. సైకిళ్లకోసమే విడిగా వేసిన బాటలున్నాయి, తెల్లవారుజామున మనుషుల్లేని వేళలున్నాయి. కలిసి వెళ్లే రోజున మాత్రం ఆ సంతోషం ఖర్చు ఇంకొకరి మెడ ఎముక ఖాతాలో రాయకూడదని మాత్రమే అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. తరువాత వారం నుండి తెల్లవారుజామునే ఒంటరిగా వెళ్లి వస్తున్నారని విన్నాను. అదీ మంచిదే.

సెప్టెంబరు చివర, నా తిరుగుప్రయాణానికి వారం ముందు, తెనాలి ఆయన మళ్లీ సైకిలెక్కాడు. నేను యథాప్రకారం కూడలిలో చెట్టుకింద. ఏడుగురు వచ్చారు, నీళ్లు తాగారు. చాలాసేపటికి ఆయన వచ్చాడు. ఆయన వెనుక ఇరవై అడుగుల ఎడంతో మనవడు. ఆయన కాలు ఆన్చగానే అలవాటు చొప్పున ఎవరో హెల్మెట్టు అందుకోబోయారు. మనవడు అప్పుడే తన హెల్మెట్టు తీసి, సైకిలు గడ్డిలో పడుకోబెట్టి, నా పక్కన చతికిలబడ్డాడు. సంచిలోనుండి జంతికల డబ్బా తీశాడు. చేసేదేమీ లేక మిగిలినవాళ్లూ కూర్చున్నారు. తెనాలి ఆయన నీళ్లన్నీ నిదానంగా తాగి, కొండ కింద పరచుకొన్న ఊళ్లను చూసి, "ఇన్నిసార్లు వచ్చాను గాని మాస్టారూ, ఇక్కడినుండి ఇంత దూరం కనబడుతుందని ఇప్పుడే చూశాను" అన్నాడు. రెండు జంతికలు తిన్నాడు. ఇంకాసేపు కూర్చున్నాడు.

"ఇక పోదామా?" అని చివరకు ఆయనే అన్నాడు.

మనవడు లేచి నిక్కరు దులుపుకొంటూ నా చెవిలో, "పదకొండు నిమిషాలు తాతయ్యా. నన్ను చీమలు కుట్టేశాయి" అని గొణిగి, అందరూ దిగేదాకా ఆగి, చివరన బయలుదేరాడు.